ఊయలలో గాలిపడవ

విదూర రాజ్యపు ఉత్తరపు అంచున భూమి కొబ్బరికాయలా రెండుగా పగిలి ఉంటుంది. ఆ పగులు పేరు పాతాళగండి. ఇటు ఒడ్డున గండిరేవు పట్టణం, అటు ఒడ్డున మబ్బూరు, నడుమ నూటపాతిక బారల శూన్యం. పొద్దుటి ఎండ పడితే గండి గోడలు ఒలిచిన దానిమ్మలా ఎర్రగా మెరుస్తాయి. వాటి చీలికల్లో గూళ్ళు కట్టుకున్న పాలపిట్టలు ఒక్కసారిగా లేస్తే ఎవరో గుప్పెడు నీలాలు గాలిలోకి విసిరినట్టుంటుంది. అట్టడుగున పారే కుందేరు పైనుంచి చూసేవాళ్ళకు జరీపోగంత సన్నం.

ఇంత అందానికీ అడ్డంగా, ఎండలో ఆరేసి మరిచిపోయిన చాపలా, ఒక బూడిదరంగు పొగ వంతెన పరుచుకుని ఉంటుంది. దాన్ని నిలిపినవాడు ధూమ్రపాదుడనే మాంత్రికుడు. ఆ పొగ మీద కాలు మోపి హాయిగా నడిచిపోవచ్చు. మెత్తగా ఉంటుంది, జారదు, ఊగదు. అయితే కాలు మోపితే చాలు, ఒడ్డు చేరేసరికి ఆ మనిషి మనసులోంచి ఒక పేరు జారిపోతుంది. తనకు ప్రాణమైనవాళ్ళ పేర్లలో ఒకటి. ఏదన్నది పొగ ఇష్టం. ఆ పేరు మళ్ళీ ఎవరు చెప్పినా చెవిన పడుతుంది గాని నాలుక మీద నిలవదు. గండిరేవులో ఒకాయన అత్తగారి పేరు పోతుందన్న ఆశతో ఏడుసార్లు దాటాడట. అత్తగారి పేరు చెక్కుచెదరలేదు. పాడిగేదె పేరు పోయింది. అది ఇప్పటికీ అలిగి, ఆయన పిలిస్తే పలకడం లేదు.

ఆ గండి ఒడ్డునే ఉన్న ఊయలశాల ముంగిట, వరసలో మూడో రోజు నిలబడి ఉన్నాడు విదూర రాజ్యపు చిన్న యువరాజు మణికేతుడు. ఆ సంగతి ఎవరికీ తెలియదు. నూలు తలపాగా, మోకాళ్ళదాకా పంచె, అరచేతుల్లో కొత్తగా లేచిన బొబ్బలు. ఊరివాళ్ళకు అతను కేతయ్య, తాళ్ళు పేనే వకుళ దగ్గర చక్రం తిప్పే కూలి. ఆరు నెలల కిందట మాయమైన అన్న రత్నకేతుడి జాడ వెతుక్కుంటూ ఇంతదూరం వచ్చాడు. ఆ జాడ ఈ గండి అంచున తెగిపోయింది.

వచ్చిన రోజే అతను పొగ వంతెన ఎక్కబోతుంటే వకుళ అడ్డం వచ్చింది.

"నీకు ప్రాణమైన పేర్లెన్ని?" అని అడిగింది.

"అమ్మ, నాన్న, అన్న, మా గుర్రం."

"గుర్రాన్నీ లెక్కేశావా? సరే, నాలుగు. అందులో ఒకటి పోతుంది. అది మీ అన్న పేరే అయితే, అటు దిగి ఎవర్ని వెతుకుతావు?"

రాజభవనంలో అంత సూటిగా ఎవరూ అతన్ని ఏమీ అడిగి ఉండలేదు. ఆ రోజే ఆమె దగ్గర పనిలో కుదిరాడు.

వకుళది మబ్బూరే. పని నేర్చుకోవడానికి ఒకసారి, పనిముట్ల కోసం ఒకసారి, పెళ్ళిళ్ళకూ చావులకూ మరికొన్నిసార్లు ఆ పొగ దాటింది. ఇప్పుడు ఆమె మనసులో మిగిలింది ఒకే ఒక్క పేరు, అమ్మమ్మ సిరియవ్వది. అటు ఒడ్డున ఒంటరిగా ఉన్న సిరియవ్వకు మిగిలిందీ ఒక్కటే, వకుళది. ఇక ఎవరు దాటినా ఒక పేరు పోవలసిందే. అందుకని మూడేళ్ళుగా ఇద్దరూ చెరో ఒడ్డునా నిలబడి, గాలి అనుకూలించినప్పుడల్లా కేకలేసుకుని మాట్లాడుకుంటున్నారు. ఆ తెల్లవారే అవ్వ కేక వినిపించింది.

"ఒసే వకుళా, ఉప్పు నిండుకుని నలభై రోజులయిందే. ఈ చప్పిడి కూడు ఇక నావల్ల కాదు. పొద్దుగుంకేదాకా నీ బుట్ట కోసం చూస్తా. రాకపోతే పొగెక్కి నేనే వచ్చేస్తా. పేరు పోతే పోయింది, మొహం గుర్తుంటుందిగా."

వకుళ వెళ్ళి మూట నిండా ఉప్పు కట్టి పెట్టుకుంది.

అవ్వ అడిగిన బుట్ట నిజంగానే తయారుగా ఉంది. ఈ ఒడ్డునుంచి ఆ ఒడ్డుకు ఒక లావుపాటి మోకు, దానిమీద దొర్లే కప్పీ, కప్పీకి వేలాడే పెద్ద వెదురు బుట్ట, బుట్టను లాగడానికి ఒక సన్నమోకు. రెండేళ్ళుగా ఆలోచించి, ఏడాదిగా పేని, వకుళ అన్నీ సిద్ధం చేసింది. లేనిదల్లా అనుమతి.

విదూర రాజ్యంలో ఒక ఆచారం ఉంది. కొత్త వృత్తి ఏదైనా సరే, ఒక పాత శ్రేణి, అంటే వృత్తివాళ్ళ సంఘం, దాన్ని 'మా బిడ్డ' అని ఒళ్ళోకి తీసుకుంటేనే చెల్లుతుంది. ఆ పనికి నమూనా చేసి ఊయలలో పడుకోబెట్టాలి, లాలిపాట పాడాలి, శ్రేణి పెద్ద వచ్చి తల్లిదండ్రుల మాట చెప్పాలి. అలా ఊయల ఎక్కని పనిని అనాథ వృత్తి అంటారు. రాజభటులు వచ్చి దాన్ని తగలబెడతారు. మణికేతుడి ముత్తాతగారికి ఎవడో ఎగిరే మంచం చేసి ఇస్తానని చెప్పి, ఆయన్ను మేడమీదనుంచి కిందికి తోసినంత పని చేశాడట. ఆయన నడుం బాగయ్యాక వెలువడిన మొదటి శాసనం ఇదే.

ఏటేటా మిగతా శాసనాలతో పాటు దాన్నీ పొడిగిస్తూ రాజముద్ర వేయాలి. గడిచిన నాలుగేళ్ళూ వేసింది మణికేతుడే. అగరువత్తి కాలేలోగా ఎవరెక్కువ ముద్రలు వేస్తారో చూద్దామని అన్నతో పందెం. అన్న ఒక్కొక్కటీ చదివి వేసేవాడు కాబట్టి ప్రతిసారీ ఓడిపోయేవాడు. వరసలో నిలబడి కాళ్ళు మార్చుకుంటూ, తన గెలుపుల బరువెంతో మణికేతుడు మోకాళ్ళతో తెలుసుకుంటున్నాడు.

"కేతయ్యా, ఇంద, మజ్జిగ తాగు," అంటూ ఊయలశాల అధికారి పుష్కరయ్య ముంత అందించాడు. బట్టతల, చెవిలో తాటాకులు రాసే గంటం, ఎవరినీ కసురుకోలేని గొంతు. వరసలో ఉన్నవాళ్ళకు మజ్జిగ పొయ్యాలని ఏ శాసనంలోనూ లేదు. ఆయన ఇంటినుంచి కుండతో మోసుకొస్తాడు. అందులో అల్లం కూడా వేస్తాడు.

"బాబాయిగారూ, ఇవాళయినా మా బుట్టను ఊయలెక్కిస్తారా?" అని అడిగింది వకుళ.

"నాదేముందమ్మా, తల్లి కావాలి. బండ్లవాళ్ళు ఏమన్నారు?"

"చక్రం నేలకు తగలడం లేదు, మా బిడ్డ కాదన్నారు."

"మేదర్లు?"

"బుట్ట వరకైతే మాదే, అది గాల్లోకి లేచాక మాకు సంబంధం లేదన్నారు."

"పక్షులు పట్టేవాళ్ళు?"

"రెక్కలు లేవన్నారు. పైగా నవ్వారు."

పుష్కరయ్య బట్టతల నిమురుకున్నాడు. "పడవల సరంగు లచ్చన్నను అడిగావా?"

"పడవేమిటి బాబాయిగారూ, మా బుట్ట నీళ్ళే చూడదు."

"లచ్చన్న కూడా నీళ్ళు చూసి పదకొండేళ్ళయింది," అన్నాడు పుష్కరయ్య మెల్లిగా. "ఒకసారి వెళ్ళి అడగండి. మీ చోటు నేను చూస్తుంటాను." అని వాళ్ళ బదులు వరసలో తన మజ్జిగ కుండ పెట్టాడు.

లచ్చన్న సరంగు పడవల శ్రేణి సత్రం అరుగుమీద కూర్చుని, ఒక తెడ్డుకు నూనె రాస్తున్నాడు. ఒకప్పుడు గండి గోడలకు మెట్లుండేవి. జనం దిగి, పడవలో కుందేరు దాటి, అటు మెట్లెక్కేవాళ్ళు. కాళ్ళు నొప్పులు పుట్టేవి గాని పేర్లు పోయేవి కావు. ధూమ్రపాదుడు వచ్చిన ఏడే ఆ మెట్లు రాత్రికి రాత్రి ఊడిపడ్డాయి. అప్పటినుంచి లచ్చన్న రోజూ తెడ్డుకు నూనె రాస్తూనే ఉన్నాడు.

వకుళ చెప్పింది విని, నమూనా బుట్టను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

"అడుగుంది. అంచుంది. జనాన్ని ఒడ్డుకి సేరుత్తాదంతావు. మరి కళ్ళేయి?"

"బుట్టకు కళ్ళేమిటి పెద్దయ్యా?"

"కళ్ళు లేకపోతే దారెలా సూత్తాది? ముందు రెండు కళ్ళు రాయాల. లంగరేది? తెడ్డేది?"

"గాల్లో తెడ్డు దేన్ని నెడుతుంది?"

"అది తెడ్డు సూసుకుంటాది, నీకెందుకమ్మా. మా బిడ్డనిపించుకోవాలంటే మా పోలికలుండాల. తెడ్డు లేని పడవని ఏ మొహంతో మాదని సెప్పమంతావు? సరంగు కూడా ఉండాల. తెడ్డుకాడ నానుంతాను."

వకుళ మణికేతుడి వైపు తిరిగి గొంతు తగ్గించింది. "ముగ్గురు మనుషులకు కొలత వేశాను. లంగరు ఒక మనిషి, తెడ్డు అర మనిషి. ఈయన ఎంతుంటాడంటావు?"

"పెద్ద బరువేం కాదులే," అన్నాడు మణికేతుడు. అతను ముసలాయన చేతులవంక చూస్తున్నాడు. నూనెగుడ్డ కింద పడిపోయింది, చేతులు బుట్టను వదలడం లేదు. నీతో పనుంది అని ఆ అరుగెక్కి ఎవరయినా అడిగి పదకొండేళ్ళయింది మరి.

"సరే పెద్దయ్యా, కళ్ళు ఏ రంగువి రాయమంటావు?" అని అడిగింది వకుళ.

మిట్టమధ్యాహ్నానికి బుట్టకు కళ్ళొచ్చాయి. లంగరు మోకును బుట్ట అంచున చెక్కగూటానికి చుడుతూ వకుళ మోకు సైగలు నేర్పింది. రెండుసార్లు గుంజితే ఆపు, మూడుసార్లు గుంజితే లాగు. మణికేతుడికి నవ్వొచ్చింది.

"ఎందుకు నవ్వుతావు?"

"మా అన్న గది పైన, నా గది కింద. కిటికీలోంచి తాడు కట్టుకున్నాం. రెండు పొట్టి గుంజుళ్ళు, ఒక పొడుగు గుంజుడు వస్తే, అమ్మ వస్తోంది దుప్పటి కప్పుకో అని అర్థం."

"కూలివాళ్ళింట్లో పై గది కింది గది," అంది వకుళ సన్నగా నవ్వుతూ. మణికేతుడు లంగరు ముడి మీద ఎక్కడలేని శ్రద్ధ చూపించాడు.

ఊయలశాలలో వందేళ్ళనాటి టేకు ఊయల. దానికి ఇత్తడి చిలకలు, వెండి గజ్జెలు, ఎర్రపట్టు జాలరు. ఈ ఊయలలో ఎన్నెన్నో వృత్తులు పుట్టాయి. అద్దాల పని పుట్టింది, పన్నీరు కాచే పని పుట్టింది. మగ్గం వాళ్ళ బిడ్డగా పుట్టిన పాపానికి, కాళ్ళతో చేయాల్సిన పని ఒక్కటీ లేకపోయినా నేటికీ నేతగాళ్ళలా ఒక కాలు గోతిలో పెట్టుకుని కూర్చునే అద్దకంవాళ్ళూ ఇక్కడే పుట్టారు. ఇప్పుడందులో జానెడు బుట్ట ఒకటి పడుకుని ఉంది. దానికి రెండు నల్లటి కళ్ళు, గరిటంత తెడ్డు, చిన్న మేకు పాటి లంగరు. పడవల శ్రేణి ఆడవాళ్ళు దిష్టి తగలకుండా బుగ్గన చుక్క కూడా పెట్టారు. పుష్కరయ్య ఊపుతూ లాలిపాట పాడాడు. రెండు చరణాలు చాలు, ఆయన అయిదూ పాడాడు. కూతుళ్ళు పెద్దవాళ్ళయ్యాక ఆయనకు మళ్ళీ ఊపే అవకాశం ఇక్కడే.

"ఈ బిడ్డ ఎవరిది?" అని అడిగాడు పాట ముగించి.

లచ్చన్న నోరు తెరిచేలోగా వాకిట్లోంచి, "మాది," అన్న మాట వినిపించింది.

ధూమ్రపాదుడు లోపలికి వచ్చాడు. మాంత్రికుడంటే పుర్రెల దండ ఊహించుకునేవాళ్ళకు అతన్ని చూస్తే నిరాశే. ఇస్త్రీ మడత నలగని తెల్లటి ఉత్తరీయం, నూనె రాసి దువ్విన జుట్టు, పెళ్ళిపెద్ద లాంటి చిరునవ్వు. పాదాలు మాత్రం నేలకు తగలవు. చీలమండల కింద సన్నటి పొగ సుడి తిరుగుతుంటుంది.

"పుష్కరయ్యగారూ, గండి దాటించడం మా ఇంటి పని. దాటించేది ఏది పుట్టినా మా బిడ్డే కదా. మా దగ్గర పెరగనివ్వండి. మెత్తగా పెంచుతాం."

పుష్కరయ్య ఇరకాటంలో పడ్డాడు. ధూమ్రపాదుడి పత్రాలు ఎప్పుడూ సక్రమంగా ఉంటాయి. అతని దరఖాస్తుల్లో ఇంతవరకూ ఒక్క కొట్టివేత లేదు. అటువంటి మనిషిని కాదనడం ఆయనకు అలవాటు లేని పని. అయినా గంటం చెవిలోంచి తీశాడు.

"ఇద్దరు తల్లులు వచ్చినప్పుడు పోలికలు చూడమంది శాసనం. మీ వంతెనకు కళ్ళున్నాయా అండీ?"

"లేవు."

"తెడ్డు?"

"పొగకు తెడ్డెందుకు?" అని నవ్వాడు ధూమ్రపాదుడు.

"అయితే బిడ్డ మీది కాదు," అన్నాడు పుష్కరయ్య. తన ధైర్యానికి తానే కాస్త బెదిరి, "లచ్చన్నా, చెప్పు," అన్నాడు.

"నా బిడ్డే బాబూ," అన్నాడు లచ్చన్న. ఆయన వెంటే ఆడవాళ్ళూ అదే మాట ముక్తకంఠంతో అన్నారు.

ధూమ్రపాదుడి చిరునవ్వు చెదరలేదు. "సంతోషం. బిడ్డ పుట్టిన రోజునే పొద్దుగుంకేలోగా నడిచి అవతలి ఒడ్డు తాకాలి, లేకపోతే ఊయలబుట్టనూ అసలు బుట్టనూ కలిపి తగలబెట్టాలి. ఆ మాటా శాసనంలోనే ఉంది. చదివించుకోండి."

పుష్కరయ్య తాటాకు తిరగేసి, మొహం వేలాడేసి, తలూపాడు. ఆకు చివర రాజముద్ర తళతళ మెరుస్తోంది. చాలా చక్కగా, ఒక్క అంచూ వంకరపోకుండా పడిన ముద్ర. మణికేతుడు తల తిప్పుకున్నాడు.

ఆ తర్వాత గండిరేవులో నడిచినవాళ్ళు లేరు, అందరూ పరుగే. మోకుచుట్టలు ఎడ్లబండ్ల మీద ఒడ్డుకు చేరాయి. బిడ్డ మాది కాదన్న బండ్లవాళ్ళే మేనమామల్లా తోలుకొచ్చారు. మొదటి దారం అవతలికి చేర్చడమెలాగని అందరూ తలలు పట్టుకుంటే, మణికేతుడు వేటగాడొకడి దగ్గర విల్లు అడిగి తీసుకున్నాడు. బాణం తోకకు పట్టుదారం ముడివేశాడు. నింగిలోకి నిమ్మళంగా గురిపెట్టి, నారి చెవిదాకా లాగి వదిలాడు. బాణం పాలపిట్టల గుంపును చీల్చుకుని, తెల్లటి గీత గీసినట్టు దారాన్ని వెంటేసుకుని, అవతలి ఒడ్డున సిరియవ్వ గుమ్మం ముందు గుచ్చుకుంది.

"సెక్రం తిప్పేవోడివి, ఈ బాణమెయ్యడం ఎక్కడ నేర్సావురా?" అన్నాడు లచ్చన్న, నోరు తెరిచి.

"మా ఊళ్ళో కాకుల బెడద ఎక్కువ పెద్దయ్యా."

అవతల సిరియవ్వ మబ్బూరు జనాన్ని పోగేసింది. అక్కడ ఎవరి పేరు ఎవరికీ సరిగా గుర్తులేదు. "ఒరే నువ్వు, ఒసే నువ్వు, ఆ పక్కన గడ్డమున్న నువ్వు, పట్టండి," అంటూ ఆమె కేకలేస్తుంటే దారం వెంట పురికొస, పురికొస వెంట సన్నమోకు, దాని వెంట పెద్దమోకు గండి దాటాయి, పెద్దమోకు కొండరాతికి బిగుసుకుంది. పొద్దు పడమటి గట్టుకు మూరెడు ఎత్తున ఉండగా, పొగ వంతెనకు సరిగ్గా పైన, గాలిపడవ కదిలింది. ముందు ఉప్పు మూట ఒళ్ళో పెట్టుకుని వకుళ, నడుమ మణికేతుడు, వెనక గాలిలోకి తెడ్డు చాపి, ఎంతో గంభీరంగా, దేన్నీ నెట్టకుండా తెడ్డేస్తూ లచ్చన్న. ఇటు ఒడ్డున జనం చూసి నవ్వారు. లచ్చన్న పట్టించుకోలేదు. పడవ పాట ఎత్తుకున్నాడు.

అవతలివాళ్ళు లాగుతున్న సన్నమోకు వెంట బుట్ట పదిబారలు పోయింది, ఇరవై పోయింది. సగం దారికి వచ్చేసరికి ఇటు ఒడ్డున ధూమ్రపాదుడు చిటికె వేశాడు.

పొగ వంతెనలోంచి ఒక పాయ విడివడి, పాములా లేచి సన్నమోకును చుట్టుకుంది. చెదపురుగులు తిన్నట్టు మోకు పొడి పొడిగా రాలి, ఫట్టుమని తెగింది. బుట్ట గిర్రున తిరిగి వెనక్కు జారడం మొదలుపెట్టింది. ఆకాశం కిందికి, కుందేరు పైకి వచ్చినట్టయింది. వకుళ ఉప్పు మూటను కరుచుకుంది. ఆలోచించడానికి ఎవరికీ వ్యవధి లేదు. లచ్చన్న చేతులు మాత్రం నలభై ఏళ్ళ అలవాటున వాటంతటవే లంగరెత్తి కిందికి విసిరేశాయి.

ఇనుప లంగరు పొగను మీగడలా చీల్చుకుని లోపలికి దిగింది. కింద దేనికో తగులుకుంది. బుట్ట టక్కున ఆగింది.

"సూసావా, లంగరెందుకన్నావు," అన్నాడు లచ్చన్న ఆయాసపడుతూ.

"నేను తెడ్డెందుకన్నాను, లంగరు అనలేదు," అంది వకుళ. మూటను ఇంకా కరుచుకునే ఉంది.

ధూమ్రపాదుడు ఈసారి రెండు చేతులూ ఎత్తాడు. పొగ వంతెన మొత్తం కాగిన పాలలా పొంగి పైకి లేచింది, బుట్టను నిలువునా మింగేయడానికి. బూడిదరంగు నురగ బుట్ట అడుగును తాకింది, అంచుదాకా వచ్చింది. మణికేతుడి చేతికి అది చల్లగా, గంజిలా చిక్కగా తగిలింది. ఊరూ ఊరంతా కాలు మోపి నడిచే పొగ కదా మరి. నడవగలిగేంత గట్టిదాన్ని నెట్టలేమా?

"పెద్దయ్యా, తెడ్డు పొగలో వెయ్యి."

లచ్చన్న తెడ్డు దించాడు. తెడ్డు దేన్నో నెట్టింది. కంటికెదురుగా, అందరూ చూస్తుండగా, బుట్ట బారెడు ముందుకు జరిగింది. ముసలాయన మొహంలో పదకొండేళ్ళ దుమ్ము ఒక్కసారిగా దులిపినట్టయింది. పాట రెట్టింపు జోరుతో మొదలైంది. ఒక్కో తెడ్డుకు ఒక్కో బార. లంగరు మోకు వెనకాల చుట్ట విప్పుకుంటూ సాగుతోంది.

ఇటు ఒడ్డున ధూమ్రపాదుడి చిరునవ్వు మొదటిసారి జారిపోయింది. పొగను వెనక్కు పీల్చుకోబోతూ చెయ్యి ఎత్తాడు. ఎవరో ఉత్తరీయం పట్టి లాగారు. చూస్తే పుష్కరయ్య, చేతిలో తాటాకుతో.

"అయ్యా, తమరి వంతెన పొద్దుగుంకేదాకా జనం కోసం తెరిచి ఉంచాలని తమరే రాసిచ్చారు. ఇదుగో, ఒక్క కొట్టివేత కూడా లేదు. ఇప్పుడు తీసేస్తే వంతెన అనాథ వృత్తి అయిపోతుంది, నేను తగలబెట్టించాల్సి వస్తుంది. పొగను ఎలా తగలబెడతారో నాకయితే తెలియదు గాని."

మాంత్రికుడు పళ్ళు నూరాడు. చెయ్యి దించాడు.

అవతలి ఒడ్డు ఇంకా పది బారలుంది. రాతి అంచున సిరియవ్వ నిలబడి ఉంది. చిన్న మనిషి, ఎర్ర చీర, నడుముకు ఖాళీ ఉప్పుసంచి. లంగరు మోకు చివరంటా సాగి, గూటం దగ్గర బిగుసుకుంది. బుట్ట నిలిచిపోయింది. లచ్చన్న ఎంత తెడ్డేసినా అంగుళం కదలలేదు. వకుళా మణికేతుడూ కలిసి మోకు లాగారు. లంగరు ఊడి రాలేదు. పడమట సూర్యుడి కింది అంచు గట్టును తాకింది.

"వకుళా, ఆగిపోయావేమే? నేనే వస్తానుండు, చెయ్యందిస్తా," అంటూ సిరియవ్వ చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని, పొగ మీదికి ఒక కాలు చాపింది.

"వద్దవ్వా, కాలు పెట్టకు," అని వకుళ అరిచింది. అవ్వ కాలు గాలిలోనే ఆగింది. ఆ కాలికీ పొగకూ మధ్య బెత్తెడు దూరం. ఆ బెత్తెడు దూరంలోనే వకుళ పేరు ఉంది.

మణికేతుడు నడుమున దాచుకున్న కత్తి దూసి లంగరు మోకు మీద పెట్టాడు. ఒక్క వేటు వేస్తే చాలు.

అప్పుడే మోకు కదిలింది. కిందనుంచి ఎవరో గుంజారు. పొట్టిగా ఒకసారి, పొట్టిగా ఇంకోసారి, ఆపైన పొడుగ్గా.

మణికేతుడి చెయ్యి కొయ్యబారింది. ఈ లోకంలో అలా గుంజేవాళ్ళు ఇద్దరే. ఒకడు ఈ బుట్టలో ఉన్నాడు. మోకు కోస్తే అన్న జాడ మళ్ళీ దొరకదు. కోయకపోతే అవ్వ కాలు దిగుతుంది.

"కేతయ్యా," అంది వకుళ. కొయ్యమనీ అనలేదు, వద్దనీ అనలేదు. ఆ గుంజుడు ఆమె కూడా చూసింది. దాని అర్థం మధ్యాహ్నమే విన్నది.

"సరంగుగారూ, నేను దిగిపోతే బరువు తగ్గుతుంది కదా?" అని అడిగాడు మణికేతుడు, లంగరు మోకును తన నడుముకు మూడు చుట్లు చుట్టి ముడివేసుకుంటూ.

"ఎక్కడ దిగుతావురా, రేవింకా రాలేదు."

"నా రేవు ఇదే." గూటం దగ్గర మోకును ఒక్క వేటున తెగ్గొట్టాడు. చిన్నప్పుడు అంతఃపురం కొలనులోకి అన్న నేర్పినట్టే, గాలిలోనే రెండు కాళ్ళూ మడిచి పద్మాసనం వేసుకుని దూకాడు. కాలు మోపినవాడి పేరే కదా పొగ దోచుకునేది. కూర్చున్నవాడి సంగతి దానికి ఎవరూ చెప్పలేదు.

లంగరు మోకు కోసిన చీలిక అతన్ని లోపలికి లాక్కుంది. చుట్టూ బూడిద చీకటి. ఆ చీకట్లో తూనీగల్లా ఏవేవో గుసగుసలాడుతూ చెంపలకు తగిలి పోతున్నాయి. తాయారు, కొండయ్య, చిట్టిలక్ష్మి, ఒక గేదె పేరు కూడా. ధూమ్రపాదుడు పదకొండేళ్ళుగా కూడబెట్టిన పేర్లన్నీ ఇక్కడే ఉన్నాయి. మణికేతుడు గబగబా తనవి తడుముకున్నాడు. అమ్మ, నాన్న, గుర్రం ఉన్నాయి. "రత్నకేతు," అని పైకే అన్నాడు. నాలుక మీద నిలిచింది.

పైన, ఎక్కడో చాలా పైన, బుట్ట రాతికి తగిలిన చప్పుడు. సిరియవ్వ గొంతు. "వకుళా, ఎంత చిక్కిపోయావే. ఏదీ, ఉప్పేదీ?" ఆ వెంటనే ఇటు ఒడ్డునుంచి గాలిలో తేలివచ్చిన పుష్కరయ్య కేక. "బిడ్డ నడిచిందహో. ముగ్గురు ఎక్కారు, ఇద్దరే దిగారు. మూడోవాణ్ణి ఏ శ్రేణిలో రాయమంటావు వకుళా?"

జారుతూనే మణికేతుడు నవ్వుకున్నాడు. నడుముకున్న మోకు మళ్ళీ గుంజింది. రెండు పొట్టి, ఒక పొడుగు. ఈసారి ఎంతో తొందరగా.

అమ్మ వస్తోంది, దుప్పటి కప్పుకో.

అమ్మ ఇక్కడికి వందామడల దూరంలో ఉంది. అయితే ఎవరు వస్తున్నట్టు? కింద ఏదో బరువైనది కాళ్ళీడ్చుకుంటూ కదిలిన చప్పుడయింది. పేర్ల గుసగుసలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.

మణికేతుడు ఊపిరి బిగబట్టి, చేతికందినంత పొగను దగ్గరకు లాక్కుని, నెత్తిమీదుగా కప్పేసుకున్నాడు.